హన్మకొండ టైలరు

గట్టయ్య గురువుగారి దగ్గరికి భార్య మీద ఫిర్యాదుతో వచ్చాడు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. ఉద్యోగమంతా జనం ఫిర్యాదులు విన్నాడు గానీ, తానే ఒకటి చెప్పుకోవాల్సి వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అరుగు మీద కూర్చుని మీసం రెండు పక్కలా సవరించుకున్నాడు.

"భూలక్ష్మి సత్సంగానికి రానంటున్నది గురువుగారూ. మొండికేసింది. మీరొక్క మాట చెప్తే వింటది."

ఓదెలు గురువు జమ్మికుంటలో తత్వాలు పాడుకునేవాళ్లకు పెద్దదిక్కు. ప్రతి పున్నానికి ఒక శిష్యుడి ఇంట్లో సత్సంగం జరిగేది. తంబుర, తాళానికి చిరుతలు, పాటలు, చివర్న పులిహోర. ఉపదేశాల జోలికి ఆయన ఎక్కువగా పోయేవాడు కాదు. ఆయన నోట అబద్ధం విన్నవాళ్లు మాత్రం లేరు. జబ్బుమనిషి ఎవరైనా "నేను తేరుకుంటున్ననా?" అని అడిగితే, అవునని చెప్పలేని చోట ఇన్ని మంచినీళ్లు తాగించి ఊరుకునేవాడు.

"పోయిన పున్నానికి వచ్చింది గద. మంచిగ పాడింది గూడ," అన్నాడు గురువు.

"వచ్చింది."

"మరేమైంది?"

గట్టయ్య నేల చూశాడు. ఏమైందో ఆయనకు బాగా తెలుసు. చెప్పడానికే నోరు రావడం లేదు.

జరిగింది ఇదీ. భూలక్ష్మికి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, ఎడమ చెయ్యి మాత్రం భుజం దగ్గర బిగుసుకుపోయింది. పాత జాకెట్లు ఒక్కటీ ఎక్కవు. చెయ్యి దూర్చబోతే ప్రాణం పోయినంత పనయ్యేది. బజారు టైలరుకు చెబితే ఎప్పటిలాగే కుట్టి, కాస్త వదులు చేశానన్నాడు. ఇక నైటీలే గతి అయ్యాయి.

"నైటీ మీద గురువుగారి ముందట కూసోమంటవా?" అని ఆమె సత్సంగం మానేసింది. పాట కోసం నెలంతా ఎదురుచూసే మనిషి. పున్నం నాడు సాయంత్రమయ్యేసరికి గోడవైపు తిరిగి పడుకునేది.

అట్లా తిరిగిన వీపును చూడలేకనే గట్టయ్య ఫోన్ పట్టుకున్నాడు. చెయ్యి లేవనివాళ్లకు జాకెట్టు ఎట్లా కుట్టాలని వెతికితే ఒకావిడ దొరికింది. మొహం కనబడదు. గాజుల చేతులు, కత్తెర, గుడ్డ, అంతే. ఎవరినీ ఏమీ అడగకుండా తెలిసిందంతా చెప్పేస్తుంది. పాఠం మొదలయ్యేది మాత్రం "హాయ్ అక్కలూ, చెల్లెళ్లూ" అని. ఆ పిలుపు విన్నప్పుడల్లా గట్టయ్య చెవులు వేడెక్కేవి. అయినా చూశాడు. ఆపి చూశాడు, వెనక్కి జరిపి చూశాడు.

మరదలి ఇంట్లో మూలకు పడి ఉన్న కుట్టుమిషను తెచ్చి వెనక గదిలో పెట్టుకున్నాడు. కిటికీ మూసి, పాత పేపర్ల మీద గీతలు గీసి కత్తిరించాడు. దారం ఊరికే తెగేది. కుట్టు వంకర్లు పోయేది. బ్లేడుతో విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. బయట ఎవరైనా "హెడ్డు సాబ్" అని పిలిస్తే మిషను మీద దుప్పటి కప్పేసి, మీసానికి అంటుకున్న దారప్పోగులు దులుపుకుని, లేని దర్జా తెచ్చిపెట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాడు.

మొదటి జాకెట్టు కుదరలేదు. గాజులావిడ ఫోన్ ముందు కెమెరాతో తీసుకున్నదేమో, వీడియోలో ఎడమ కుడిగా కనబడింది. ఈయన తు.చ. తప్పకుండా అట్లాగే కుట్టాడు. విడిపోవాల్సిన ఎడమ పక్క బిగుసుకుపోయి, కుడి పక్క విడిపోయింది.

"మంచి చెయ్యికి దర్వాజ పెట్టినవ్. ఇటు దిక్కు గోడ కట్టినవ్," అని భూలక్ష్మి నవ్వింది. జబ్బు చేసినాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం ఇంకో పది తప్పు జాకెట్లు కుట్టేవాడే గట్టయ్య.

రెండోది కుదిరింది. ఎడమవైపు మెడ దగ్గర నుంచి భుజం మీదుగా చేతి అంచుదాకా మొత్తం విడిపోతుంది. చెయ్యి ఎత్తే పనే లేదు. కదలని చేతి చుట్టూ గుడ్డనే తెచ్చి, టిచ్చు బటన్లు నొక్కేస్తే సరి. భూలక్ష్మి అద్దం ముందు నిలబడి, మంచి చెయ్యితో ఆ బటన్లను ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది. నీలం చీర తీయమన్నది.

ఆ పున్నానికి ఆమె సత్సంగంలో పాడింది. పాట అయ్యాక ఆడవాళ్లు చుట్టూ మూగారు. వెనక వాడకట్టు సాంబలక్ష్మి భుజం మీద బటన్లు చూసి ముచ్చటపడింది.

"ఎవలు కుట్టిన్రు వదినా? మా అత్తకు గూడ గిట్లనే చెయ్యి లేస్తలేదు. ఎటూ పోకుంట ఇంట్లనే పడి ఉంటున్నది."

భూలక్ష్మి మొహం వెలిగిపోయింది. చెప్పనా అన్నట్టు మొగుడి వైపు చూసింది.

"హన్మకొండల ఒక టైలర్ ఉన్నడమ్మా. ఆయన కుట్టిండు," అన్నాడు గట్టయ్య గబుక్కున.

పక్కనే మగవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో పాత స్టేషన్ తోటివాడు ఒకడు. అదీ సంగతి. భూలక్ష్మి చూపు తిప్పుకుంది. కొంగు తీసి భుజం మీద బటన్లు కనబడకుండా కప్పుకుంది.

ఇంటికి రాగానే ఆ జాకెట్టు విప్పించుకుని పెట్టె అడుగున పెట్టించింది.

"ఇంత చిన్న మాటకు గింత కోపమేందే?" అన్నాడు గట్టయ్య.

"నాకు తానం చేపిస్తవ్, తల దువ్వుతవ్, అన్నం కలిపి పెడ్తవ్," అన్నది భూలక్ష్మి. "గవన్ని గూడ సిగ్గువడుకుంటనే చేస్తున్నవా?"

కాదనబోయాడు. అనలేకపోయాడు. ఆమె పనులన్నీ చేయడానికి ఒక ఆయా వచ్చి పోతున్నదని వాడకట్టంతా చెప్పి పెట్టింది ఆయనే.

ఇందులో ఒక్క ముక్క కూడా గురువుకు చెప్పలేదు.

"జాకెట్టు మీద అలిగింది," అని మాత్రం అన్నాడు.

"మొన్న ఏసుకున్నదా? మంచిగనే ఉన్నది గద. ఎవరు కుట్టిన్రు?"

అరుగు మీద ఇద్దరే ఉన్నారు. చెప్పేయడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. గట్టయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి పాత మాటే వచ్చింది.

"హన్మకొండ టైలర్ గురువుగారూ."

గురువు తలూపాడు. లేచి నిలబడి, ఒంటి మీది లాల్చీని మెల్లగా తల మీదుగా తీసి, మడిచి గట్టయ్య చేతిలో పెట్టాడు.

"నా భుజం గూడ పట్టేస్తున్నది. ఇది తొడుగుడు, తీసుడు కష్టమైతున్నది. ఆ టైలర్‌కే ఇచ్చి, దీనికి గూడ గట్లనే బటన్లు పెట్టియ్యమను. ఈసారి పున్నం మీ ఇంట్లనే పెట్టుకుందాం."

"భూలక్ష్మికి ఒక మాట చెప్త అన్నరు గదా..."

"నేనెప్పుడన్న?" అంటూ గురువు ఉత్త ఒంటితో ఇంట్లోకి పోయాడు.

గురువు లాల్చీ మీద కత్తెర పెట్టడానికి గట్టయ్యకు చెయ్యి ఆడలేదు. ఆ బట్టకు ఇంకా విభూతి వాసన ఉంది. ఫోన్‌లో గాజులావిడను మళ్లీ పెట్టుకున్నాడు. "భయపడకండి అక్కా, గీత మీదనే కత్తిరించండి" అంటున్నదామె. గీత మీదనే కత్తిరించాడు. పట్టీ వేసి కుడుతుంటే గుమ్మంలో అలికిడైంది.

"ఎవలదది?" అన్నది భూలక్ష్మి.

"గురువుగారిది."

"ఎవలు కుడుతున్నరని చెప్పినవ్?"

మిషను ఆగిపోయింది. గట్టయ్య తలెత్తలేదు. ఆమె గోడ పట్టుకుని వెనక్కి పోయింది. ఆమె కోప్పడి నాలుగు మాటలంటే బాగుండుననిపించింది ఆయనకు.

కుట్టడం అయ్యాక ఇంకో పని చేశాడు. ఇంట్లో హన్మకొండ బట్టల దుకాణం సంచీ ఒకటి ఎక్కడో ఉండాలి. అల్మారా అంతా గాలించి దాన్ని పట్టుకున్నాడు. లాల్చీ అందులో పెట్టి తీసుకుపోయి గురువుకు ఇచ్చాడు. దొంగసాక్ష్యాలు ఎట్లా పుట్టిస్తారో ఉద్యోగంలో చూసిన మనిషి మరి.

గురువు లాల్చీ బయటికి తీశాడు. సంచీని చక్కగా మడత పెట్టి తిరిగి గట్టయ్య చేతికే ఇచ్చాడు.

"దాచుకో గట్టయ్యా. మళ్ల అక్కరకొస్తది."

గట్టయ్య ఆ సంచీ చంకలో పెట్టుకుని, దారిలో ఎవరి మొహం చూడకుండా ఇల్లు చేరాడు.

పున్నం వచ్చింది. గట్టయ్య ఇంట్లో ముందు గది జనంతో నిండిపోయింది. భూలక్ష్మి నైటీలోనే, లోపలి గదిలో పరదా వెనక ఉండిపోయింది. ఎంత బతిమాలినా బయటికి రాలేదు. ఒంట్లో బాగాలేదని వచ్చినవాళ్లందరికీ గట్టయ్యే చెప్పుకున్నాడు. ఆమె ఎత్తుకునే పాటను ఇంకెవరో ఎత్తుకున్నారు. శ్రుతి కుదరక రెండు చరణాలకే ఆపేశారు.

గురువు ఆ లాల్చీ వేసుకునే వచ్చాడు. మెడ నుంచి చేతి అంచుదాకా వరసగా బటన్లు మెరుస్తున్నాయి. ఒకటి కొంచెం పక్కకు జరిగింది. అందరి కళ్లూ వాటి మీదనే. పాట ఆగగానే సాంబలక్ష్మి ముందుకు జరిగింది.

"గురువుగారూ, ఆ టైలర్ ఎక్కడుంటడో మీరన్న చెప్పున్రి. మొన్న మా అత్తను బస్సుల హన్మకొండ తోల్కపోయిన. ఆటోల ఏస్కోని చౌరస్తా చౌరస్తా తిరిగిన. ఎవ్వలనడిగినా గసొంటి టైలర్ ఎవ్వలు లేరన్నరు. ఎండకు ముసల్ది సొమ్మసిల్లింది."

గట్టయ్య చేతిలో చిరుతలు కదలడం మానేశాయి.

గురువు ఎప్పటి గొంతుతోనే చెప్పాడు. "నా లాల్చీ కుట్టింది హన్మకొండ టైలరేనమ్మా. హన్మకొండలనే ఉన్నడు. ఇంకోపారి పోయి ఎతుకు."

"మీరు చెప్పినంక ఉండక ఏడికి పోతడు! రేపు పొద్దుగాల్ల బస్సుకే పోత. ముసల్దాన్ని గూడ తోల్కపోత," అన్నది సాంబలక్ష్మి ధైర్యంగా.

ఆ గదిలో ఎవరికీ అనుమానం రాలేదు. ఓదెలు గురువు చెప్పిన మాట అది. గట్టయ్య ఒక్కడే చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. తాను అన్న మాటే ఆయన నోట వచ్చింది. తాను అన్నప్పుడు ఏదో గట్టెక్కడానికి అన్న మాటలాగే ఉండింది. ఆయన అంటుంటే ముసలామె మళ్లీ ఎండలో బస్సెక్కడం కళ్ల ముందు కనబడింది. ఇన్నాళ్లూ ఏదో సిగ్గు సిగ్గు అనుకున్నాడు గానీ, సిగ్గంటే ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"పోకు సాంబలక్ష్మీ," అన్నాడు.

జాతరలో ఒక్క కేకతో జనాన్ని ఆపిన గొంతు పీలగా వచ్చింది. ఎవరికీ వినబడలేదు. లేచి నిలబడి మళ్లీ అన్నాడు.

"పోకు. హన్మకొండల ఎవ్వడు లేడు. రెండూ నేనే కుట్టిన."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరు కిసుక్కుమన్నారు. స్టేషన్ తోటివాడు మోకాలి మీద చరుచుకుని, "ఏంది గట్టన్నా! నువ్వు జాకెట్లు కుడుతవా?" అన్నాడు.

"కుడుత. ఫోన్ల చూసి నేర్చుకున్న. నా భార్య చెయ్యి లేస్తలేదు, ఆమె కోసం నేర్చుకున్న. ఆయా గూడ ఎవ్వలు వస్తలేరు. ఆమెకు తానం చేపించేది నేనే, తల దువ్వేది నేనే. చెప్పుకోను సిగ్గయి, టైలర్ కుట్టిండని అబద్ధం ఆడిన."

నవ్వు ఆగిపోయింది. సాంబలక్ష్మి మాత్రం ఆయన మొహంలోకి చూస్తూ, "ముసల్దాన్ని ఎండల తిప్పితిని గద హెడ్డు సాబ్," అన్నది. కోపంగా కూడా అనలేదు.

గట్టయ్య పోయి గురువు కాళ్ల మీద పడ్డాడు. ఆ మీసం తడిసిపోయింది.

"తప్పైంది గురువుగారూ. నా అబద్ధం మీ నోటితోని పలికిచ్చిన. గింతమందిల మీతోని మోపిచ్చిన."

గురువు ఆయన్ని లేవదీయలేదు. పరదా వైపు చెయ్యి చూపించాడు.

"నేను ఒక్క పూట మోసిన గట్టయ్యా. ఆమె నెల మోసింది."

గట్టయ్య లేచాడు. కళ్లు తుడుచుకోకుండానే, అందరూ చూస్తుండగా పరదా జరిపి లోపలికి పోయాడు.