కార్తికంలో పోసిన మిరపనారు

సిలార్‌కు శిక్ష కావాలి. అదొక్కటే అడుగుతూ పొద్దుటి నుంచీ గురువు గుమ్మం ముందు కూచున్నాడు.

గురువు పేరు బురాన్ షా. పల్నాటి వైపు ఒక గుట్ట మీద తకియా అనే చిన్న మఠం కట్టుకుని ఉండే ఫకీరు. శిష్యులు ఆయన్ని బాబా అనేవాళ్ళు. ఆ శిష్యుల్లో సిలార్ గట్టివాడని పేరు. దూదేకుల ఇంట్లో పుట్టి, దూదేకే విల్లు గోడకు తగిలించి, దేవుణ్ణి వెతుక్కుంటూ గుట్ట ఎక్కాడు. ధ్యానంలో కూచుంటే పక్కన పిడుగు పడ్డా కదలడని మిగతావాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ మాట సిలార్ చెవినా పడేది. పడినప్పుడల్లా వెన్ను ఇంకాస్త నిటారుగా పెట్టేవాడు.

జరిగింది ఇది.

శ్రావణమాసంలో సిలార్ గుట్ట వెనక గుహలో ఏకాంత దీక్ష పట్టాడు. ఒక సోమవారం పొద్దున బాబా గుహ దగ్గరికి వచ్చాడు. భుజాన జోలె, చేతిలో కర్ర.

"సిలారూ, ఎగువూళ్ళో గత్తర తగిలింది, వాంతులూ భేదులూ. రోగుల బట్టలు వాగులోనే జాడిస్తున్నారు. నేను అక్కడికి పోతున్నా. నువ్వు దిగువకు పోయి వాగొడ్డుపాలెం వాళ్ళకు చెప్పు, వాగు నీళ్ళు ముట్టొద్దని. పెద్దూరి బావి నుంచి తెచ్చుకోమను."

సిలార్ కళ్ళు తెరవకుండానే తలూపాడు. బాబా వెళ్ళిపోయాడు.

దీక్ష ముగియడానికి ఇక ఎన్నాళ్ళో లేదు. మధ్యలో లేస్తే ఇన్నాళ్ళు కూచున్నదంతా బూడిదలో పోసినట్టే. పూర్తి చేసుకుని పోదాంలే అనుకున్నాడు. చేస్తున్నదీ దేవుడి పనే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

పూర్తి చేశాడు. ఉతికిన బట్ట కట్టుకుని పాలెం వెళ్ళాడు. వీధిలో కోళ్ళు తప్ప తిరిగే ప్రాణి లేదు. వేపాకు పొగ, సున్నం వాసన. వాగు నీళ్ళ సంగతి అప్పటికే ఎవరో పెద్దూరి నుంచి వచ్చి చెప్పిపోయారు. చెప్పేసరికి పాలెంలో చాలామంది పోయారు. ఒక ఇంటి అరుగు మీద ఒక మనిషి గోడకు ఆనుకుని కూచున్నాడు. పుల్లయ్య అనే మిరప రైతు. పెళ్ళాం ఆదెమ్మనూ, కూతురు కనకాన్నీ ముందు రోజే మట్టి చేసి వచ్చాడు.

"ఏం కావాల సాయిబూ?" అన్నాడు పుల్లయ్య.

"ఏం లేదు" అన్నాడు సిలార్. వెనక్కి తిరిగి నడిచాడు.

ఆ తర్వాత ధ్యానానికి కూచుంటే దేవుడి పేరు నోటికి రాలేదు. బాబా ఎగువూళ్ళో రోగం సద్దుమణిగే దాకా ఉండి, ఆశ్వయుజం చివర్లో ఎముకల గూడులా తిరిగొచ్చాడు. సిలార్ ఆయన కాళ్ళ మీద పడి అంతా చెప్పాడు. "శిక్ష వెయ్యండి బాబా, ఏదైనా సరే" అన్నాడు.

బాబా చిరిగిన బొంతకు మాసిక వేసుకుంటున్నాడు. సూది పక్కన పెట్టి లేచాడు.

"పద" అన్నాడు.

ఇద్దరూ పాలెం వెళ్ళారు. పుల్లయ్య మంచంలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పొయ్యిలో పిల్లి పడుకుంది. ఇంటి వెనక చేలో గడ్డి మోకాళ్ళ దాకా లేచింది.

"పుల్లయ్యా, ఈ ఏడు మిరప వెయ్యలేదా?" అని అడిగాడు బాబా.

"ఎవరు తినడానికి సాయిబూ?"

"విత్తనం ఉందా?"

పుల్లయ్య తల తిప్పకుండానే పొయ్యి మీది ఉట్టి వైపు చెయ్యి చూపించాడు. "ఆదెమ్మ ఏరి పెట్టిన కాయలు. ఇప్పుడెందుకు? ఆషాఢంలో పొయ్యాల్సిన నారు. కార్తికంలో పోస్తే చలికి మొలిచి చావదు. మొలిచినా కాయ పట్టేసరికి ఎండలొస్తాయి."

బాబా ఉట్టిలోని గుడ్డమూట దించి సిలార్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

సిలార్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇదీ శిక్ష అనుకున్నాడు. ఎంత కష్టంగా చేస్తే అంత పాపం పోతుందనుకున్నాడు. గడ్డి చేతుల్తోనే పీకాడు. అరచేతులు చిట్లితే కట్టు కట్టుకోలేదు. పస్తు ఉండి నారుమడి కట్టి, కాయలు చిదిపి గింజలు చల్లి, పైన గడ్డి కప్పాడు. వాగు నుంచి కావడి మోసి మడి తడిపాడు. మళ్ళీ తడిపాడు. భుజం చర్మం లేచిపోతే ఆ భుజం మీదే కావడి పెట్టుకున్నాడు.

గింజలు మొలిచాయి. సన్నటి ఆకుపచ్చ దారాల్లాంటి మొలకలు. సిలార్ సంతోషంతో ఇంకో రెండు కావళ్ళు పోశాడు. మర్నాడు పొద్దున చూస్తే మొలకలన్నీ మొదట్లో నల్లబడి, నడుము విరిగినట్టు పడిపోయి ఉన్నాయి. మడి అడుసయింది.

అయినా సిలార్ కావడి ఎత్తుకుని వాగుకు పోయాడు. తిరిగొచ్చేసరికి గట్టు మీద బాబా నిలబడి ఉన్నాడు. సిలార్ కడవ వంచబోతుంటే బాబా అది అందుకుని, నీళ్ళన్నీ సిలార్ పాదాల మీద పోశాడు.

"దాహం నీదా, మొక్కదా?" అన్నాడు.

సిలార్ తడిసిన కాళ్ళతో ఇంట్లోకి పోయి, పక్కింటివాళ్ళు పుల్లయ్యకు పెట్టిపోయిన చద్దన్నంలో మిగిలింది తిన్నాడు. చేతులకు పసుపు రాసి కట్టు కట్టుకున్నాడు. మూటలో ఇంకా కొన్ని కాయలు మిగిలాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూచున్నాడు.

"మామా, నాకు తెలీదు. ఎట్లా పొయ్యాలో చెప్పు."

పుల్లయ్య గోడతో చెబుతున్నట్టు అన్నాడు. "బూడిద కలుపు. మడి ఎత్తుగా కట్టు. వేలు పెట్టి చూడు, లోపల తడి ఉంటే పొయ్యమాక."

రెండోసారి పోసిన నారు నిలిచింది. చలికి ఎదగనంటూ మొండికేసింది. ఊళ్ళో మిగతా చేలల్లో కాయలు ఎర్రబారుతుంటే వీళ్ళ మొక్కలు జానెడైనా లేవు. నాటిన తర్వాత సగం మొక్కలకు ఆకుముడత తెగులు వచ్చింది. ఒకరోజు సిలార్ ముడతపట్టిన మొక్కలు ఏరుతుంటే వెనక అడుగుల చప్పుడయింది. పుల్లయ్య. మంచం దిగి, పంచె ఎగ్గట్టి, చేలోకి వచ్చాడు. పక్క సాలులో వంగాడు.

అట్లా మాఘం పోయింది. ఫాల్గుణంలో పూత నిలిచి పిందె పట్టింది. కాయలు పొట్టిగా, వంకరగా ఉన్నాయి. ఎండలు ముదిరాక నాలుగు కాయలు ఎర్రబడ్డాయి. పుల్లయ్య వాటిని తుంచి, ఉప్పుకల్లు, చింతపండు వేసి రోట్లో నూరాడు. ఆదెమ్మ పోయాక ఆ ఇంట్లో రోలు చప్పుడు వినబడడం అదే మొదలు. వేడన్నంలో కలిపి సిలార్‌కు పెట్టి, తనూ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"కారం అదే" అన్నాడు. మొహంలో ఏదో కదిలింది, నవ్వు లాంటిది. "నువ్వు రాకపోతే ఆ మంచంలోనే పోయేవాణ్ణి అబ్బాయ్. నా ఆదెమ్మే నిన్ను పంపింది."

సిలార్ చేతిలోని ముద్ద మళ్ళీ కంచంలో పెట్టాడు.

ఆ సాయంత్రం గుట్ట ఎక్కి బాబా ముందు కూచున్నాడు.

"బాబా, నా శిక్ష ఇక అయిపోయినట్టేనా?"

"నేను నీకు శిక్ష ఎప్పుడు వేశాను?"

"మరి నన్ను పాలెం పంపారు కదా?"

"పంపాను. వాగు నీళ్ళ మాట చెప్పి రమ్మని. నువ్వింకా చెప్పలేదు."

సిలార్ తల ఎత్తకుండానే అన్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం బాబా? ఆయన ఇప్పుడిప్పుడే కాస్త అన్నం తింటున్నాడు. వింటే మళ్ళీ మంచం పడతాడు."

బాబా మర్నాడు తెల్లవారగానే కర్ర తీసుకుని ముందు నడిచాడు. సిలార్ వెనక నడిచాడు.

పుల్లయ్య అరుగు మీద గంప అల్లుతున్నాడు. వాళ్ళను చూసి లేచి, చాప పరవబోయాడు. సిలార్ కూచోలేదు.

"మామా, నీకో మాట చెప్పాలి. గత్తర రాకముందే బాబా నన్ను ఇక్కడికి పొమ్మన్నాడు. వాగు నీళ్ళు ముట్టొద్దని మీకు చెప్పమన్నాడు. నేను రాలేదు. దీక్షలో ఉన్నానని రాలేదు. అయ్యాక వచ్చాను."

పుల్లయ్య చేతిలో ఈతబెత్తం అట్లాగే ఉంది.

"పొమ్మంది ఏ రోజు?"

"సోమవారం."

పుల్లయ్య బెత్తం కింద పెట్టాడు.

"కనకం బేస్తారం దాకా వానలో ఆడుకుంటానే ఉంది" అన్నాడు.

గంప పక్కకు నెట్టి లేచాడు. ఇంటి వెనక్కి నడిచాడు. చేలో మొదటి సాలు దగ్గర వంగి, మొక్కను మొదలు పట్టుకుని పీకాడు. పక్క మొక్కనూ పీకాడు. కాయలతో, పూతతో, వేళ్ళతో సహా పీకి గట్టు అవతలకు విసిరాడు. ఒక సాలు అయిపోయింది. రెండో సాలు మొదలుపెట్టాడు.

"బాబా, ఆపండి" అన్నాడు సిలార్. "ఆదెమ్మ విత్తనం అది. ఇంకెక్కడా లేదు. ఎంత కష్టపడితే బతికాయి ఆ మొక్కలు!"

"తోట ఆయనది" అన్నాడు బాబా.

సిలార్ వెనక్కి తిరిగాడు. అక్కడ నిలబడ్డం తన వల్ల కాలేదు. గుట్ట వైపు పోబోయాడు. బాబా చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి, అయినా ఉడుంపట్టు.

"ఉండు."

సిలార్ ఉన్నాడు. చూస్తూ ఉన్నాడు. పుల్లయ్య పీకుతూనే ఉన్నాడు. చేతుల్లో కాయలు నలిగి రసం కారుతోంది. ఎండ నడినెత్తికి ఎక్కింది. సగం తోట అయ్యేసరికి అతనికి ఆయాసం వచ్చి నిలబడ్డాడు. నుదుటి చెమట కళ్ళలోకి దిగితే రెండు చేతులతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు.

అంతే. కెవ్వున అరిచి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళు తెరుచుకోలేదు. తుడుచుకున్నకొద్దీ మంట ఎక్కువైంది. ఆ అరుపు కాసేపు మంటకు అరిచిన అరుపులా ఉంది. ఆ తర్వాత మంటది కాకుండా పోయింది. "కనకా" అన్నాడు. "ఓ కనకా" అన్నాడు. పెళ్ళాం బిడ్డలను మట్టి చేసిననాడు కూడా ఏడవని మనిషని పాలెంలో చెప్పుకున్నారు. ఆ గొంతు వాగు అవతలి దాకా వినిపించింది.

మణికట్టు మీద పట్టు వదులైంది.

సిలార్ కడవ ఎత్తుకుని పరుగెత్తాడు. పుల్లయ్య ముందు కూచుని, ఒక చేత్తో గడ్డం పైకెత్తి, దోసిలితో కళ్ళలో నీళ్ళు కొట్టాడు. అలికిడిని బట్టి ఎవరో తెలిసి పుల్లయ్య చెయ్యి విసిరాడు. అది సిలార్ చెంప మీద పడింది. సిలార్ మళ్ళీ నీళ్ళు కొట్టాడు. పుల్లయ్య ఈసారి అతని చొక్కా పట్టుకుని గుంజాడు, నెట్టడానికో, పడిపోకుండా పట్టుకోవడానికో. సిలార్ ఒంటి మీది పైగుడ్డ తడిపి కళ్ళ మీద పెట్టాడు. అట్లా ఇద్దరూ పీకేసిన మొక్కల మధ్య బురదలో చాలాసేపు కూచున్నారు.

కళ్ళు తెరుచుకున్నాక పుల్లయ్య లేచాడు. సిలార్ మొహం చూడలేదు. గట్టు అవతల విసిరేసిన మొక్కల్ని చూశాడు. మిగిలిన సాళ్ళను చూశాడు. ఒక మాట చెప్పి ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు.

ఎండలో గురుశిష్యులు గుట్ట దారి పట్టారు. సగం దారిలో బాబా అడిగాడు.

"పోతూ ఏమన్నాడు?"

సిలార్ చెంప ఇంకా మండుతోంది.

"రేపటి నుంచి రావద్దన్నాడు బాబా."

"అంతేనా?"

సిలార్ నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

"మిగిలిన మొక్కలకు నీళ్ళు తనే పోసుకుంటానన్నాడు."

బాబా ఆగలేదు. కర్ర పొడుచుకుంటూ గుట్ట ఎక్కసాగాడు.