బొద్దింక మీసాలు నేనిచ్చినవే

ఈ కథ అబద్ధమనేవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి. మధ్యలో ముసిముసి నవ్వులు నవ్వితే మాత్రం ఊరుకోను. ఎవరూ లేవలేదా? సరే, ఆ బుద్ధి చివరిదాకా ఉండాలి.

ఒకప్పుడు బొద్దింకలకు మీసాలు ఉండేవి కావు. తల చింతగింజలా నున్నగా ఉండేది. మీసమంటే ఆ రోజుల్లో నాదే! కుడి కొన మీద మా వీధి ఆడవాళ్ళు చీరలు ఆరేసుకునేవాళ్ళు. ఎడమ కొన మీద చిలకలు బారులు తీరి కూర్చునేవి.

ఆ ఏడు నలభై రోజులు ఏకధాటిగా వాన కురిసింది. ఒక్కో చినుకు గుమ్మడికాయంత. ఆకుల కిందా, గోడ పగుళ్ళలో, తూముల్లో నీళ్ళు నిండిపోయి, బొద్దింకలన్నీ నా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాయి.

"తాతా, కాస్త చోటివ్వవూ?" అన్నాయి. అప్పటికే నేను తాతనే.

నెమళ్ళను ఎవడైనా పెంచుతాడు. బొద్దింకలను పెంచాలంటే గుండె కావాలి! ఏనుగు స్నానం చేసేంత మట్టి గోలెం నా దగ్గర ఉండేది. దాన్ని ఒంటి చేత్తో ఎత్తి వసారాలో పెట్టాను. అన్ని జాతులనూ అందులోనే దింపి మూత పెట్టబోయాను.

"వేరే వేరే కుండల్లో పెట్టు తాతా," అంది కొండమ్మ. కొండమ్మ అడవి బొద్దింక. లావుగా, నల్లగా ఉండేది, నెమ్మదిగా నడిచేది. "మా తీరు వేరు, వీళ్ళ తీరు వేరు."

"నా ఇంట్లో అందరికీ ఒకటే పంక్తి!" అన్నాను. నా జన్మలో నేను చేసిన తప్పు అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే మొదలైంది.

"తాతా, మట్టి తడపవూ? ఒళ్ళు ఎండిపోతోంది," అంది కొండమ్మ.

నీళ్ళు చల్లాను.

"ఎవరయ్యా నీళ్ళు చల్లింది? నాకు జలుబు చెయ్యదూ?" అని చిట్టెయ్య అరిచాడు. చిట్టెయ్య వంటింటి బొద్దింక. మనిషి వేలిగోరంత, నోరు చేటంత.

మూత తీసి ఆరబెట్టాను.

"వెలుతురొస్తోంది! మూసెయ్, మూసెయ్!" అని తూము బొద్దింక గవరయ్య గోలెం అంచెక్కి రెక్కలు టపటపలాడించాడు.

మూశాను. తీశాను. చల్లాను. ఆరబెట్టాను. మళ్ళీ మూశాను. నాలుగు పులులను ఒకే తాడుకు కట్టి సంతకు తోలుకెళ్ళినవాణ్ణి నేను. ఆ పులులు కూడా నన్నింత విసిగించలేదు!

పైగా చిట్టెయ్య సంసారమొకటి.

"మీవాళ్ళు ఎందరోయ్?" అని అడిగాను.

"పొద్దున ఉన్నవాళ్ళా, ఇప్పుడున్నవాళ్ళా తాతా?" అన్నాడు.

వాళ్ళు పెరిగి పెరిగి కొండమ్మను ఓ మూలకు నెట్టేశారు. కొండమ్మకు ఒక్కగానొక్క కూతురు, పేరు గింజ. నెలల తరబడి కడుపులో మోసి కన్న బిడ్డ. తల్లీకూతుళ్ళకు ఆ మూలే ఇల్లయింది.

వీళ్ళ నోళ్ళు ఒక్క పూటైనా మూయించాలని, ఓ రోజు ఎదురింటావిడ చేత గంపెడు కుడుములు వండించి గోలెంలో పోసి మూత పెట్టాను. సరిగ్గా అప్పుడే గింజ కుబుసం విడిచింది. కుబుసం విడిచిన బొద్దింకను ఎప్పుడైనా చూశారా? తెల్లగా, మెత్తగా, అచ్చం కుడుములా ఉంటుంది. ఒళ్ళు గట్టిపడి రంగు తిరిగేదాకా పరుగెత్తలేదు, పోట్లాడలేదు.

మూత కింద చీకటి. అందులోంచి ఒక్కసారిగా కేక.

"అది కుడుము కాదర్రా! నా కూతురు!"

మూత ఎగరగొట్టాను. అది మూడూళ్ళ అవతల పడింది. చూద్దును కదా, గింజ కాలు ఒకటి లేదు. చుట్టూ చిట్టెయ్య పిల్లలు. కొండమ్మ కూతురికి అడ్డంగా పడుకుని ఉంది.

"చిట్టెయ్యా, నీ పిల్లలకు కళ్ళు లేవా?"

"చీకట్లో కళ్ళుండి ఏం లాభం వదినా?" చిట్టెయ్య గొంతు మొదటిసారి తగ్గింది. "తెల్లగా ఉంది, మెత్తగా ఉంది. తినేదే అనుకున్నారు."

వెనకనున్నవాళ్ళకు ఈ మాటలు వినబడలేదు. కుడుముల కోసం తోసుకుంటూ ఇంకా ముందుకే వస్తున్నారు.

"ఇంకొక్క కాటు పడితే నా బిడ్డ దక్కదు తాతా," అంది కొండమ్మ.

చేత్తో పైకి తీద్దామా అంటే పచ్చి ఒళ్ళు, చితికిపోతుంది. ఇక ఆలోచించలేదు. నా మీసంలోంచి రెండు వెంట్రుకలు పీకి చిట్టెయ్య నెత్తిన నాటాను.

"ముందు వీటితో ముట్టుకో. వాసన చూడు. ఆ తర్వాతే నోరు తెరువు!"

చిట్టెయ్య గింజను అలా తాకాడో లేదో, "అయ్యో, మన గింజేరా! వెనక్కి, వెనక్కి!" అని తన పిల్లలను తన్ని తరిమాడు.

"నాకూ మీసాలు! నాకూ!" అని గోలెమంతా గోల. తలకు రెండు చొప్పున లక్ష తలలకు పీకి ఇచ్చాను. కుడికంటి నుంచి ఒక్క బొట్టు, ఎడమకంటి నుంచి ఒక్క బొట్టు రాలాయి. వాటితో రెండు బావులు నిండాయి.

గింజ బతికింది. పోనీ, ఇకనైనా గొడవ తీరిందా? నా ఖర్మ!

"ఛీ! ఇన్నాళ్ళూ ఈ కంపు పక్కనా నేను పడుకున్నది?" అని గవరయ్య మీసాలు విదిలించాడు.

"తూములో పుట్టినవాడివి నువ్వా కంపు గురించి మాట్లాడేది?" అని చిట్టెయ్య ఎగిరాడు.

"పొండి! వాన వెలిసింది! ఎవరి చోటికి వాళ్ళు పొండి! నా వల్ల కాదు!" అని గోలెం బోర్లించాను.

గవరయ్య తూములోకి దూకాడు. చిట్టెయ్య మందతో సహా వంటింటి పగుళ్ళలోకి దూరాడు. కొండమ్మ మాత్రం గింజ ఒళ్ళు గట్టిపడేదాకా మీసాలు ఆడిస్తూ కాపలా కాసింది. తర్వాత అయిదు కాళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని అడవిదారి పట్టింది. ఆ తర్వాత కుబుసాలు విడిచేకొద్దీ ఆ కాలు మళ్ళీ మొలిచిందట.

అప్పటినుంచే ఏ జాతి బొద్దింక చోటు దానిది. కుబుసం విడవాల్సి వస్తే ఎవరికీ కనబడని సందులో దాక్కుంటుంది. ఏది ఎదురొచ్చినా ముందు ఆ రెండు పొడుగు మీసాలు ఆడించి చూశాకే అడుగు వేస్తుంది.

ఇంకా అనుమానమా? ఆ కుడుములు వండిన చెయ్యీ, ఆ కేక నాతోపాటు విన్న చెవీ ఎదురింటి రేగిడి అచ్చియ్యమ్మవే, వెళ్ళి అడగండి!