వెనుచూపులమ్మ కొండ మీద వెనకవారి పేరు

శ్రీ వెనుచూపులమ్మ తల్లి కొండకు కాలినడకన తప్ప దారి లేదు. గుల్లపేట రేవులో సముద్రపు నీటితో కాళ్లు కడుక్కుని బయలుదేరిన భక్తులు ముందుగా మొగలి పొదల మధ్య ఇసుక మేటలు దాటాలి. తరువాత బీల వస్తుంది. బీల అంటే మా వైపు తుంగ, జమ్ము పెరిగిన చిత్తడి నేల. చూపుకు పచ్చని మైదానంలా ఉంటుంది గానీ దారి తప్పి అడుగు వేస్తే నడుము దాకా దిగబడుతుంది. బీల దాటాక కొండ. మెట్లు లేవు, రాళ్లే. అన్నీ కలిపి తొమ్మిది మైళ్లు.

యాత్ర ఫాల్గుణ శుద్ధ అష్టమినాడు జరుగుతుంది. పున్నమికి పెట్టుకుంటే వెన్నెల ఉంటుంది గదా అని యాత్ర నడిపించే నాకు ఏటా ఎవరో ఒకరు సలహా చెబుతారు. పున్నమికి సముద్రపు పోటు ఎక్కువ. ఉప్పుటేరు పొంగి బీలలోకి వస్తుంది. అష్టమినాడు పోటు మెత్తగా ఉంటుంది కనుక ఆ రోజు పెట్టారు. దయచేసి ఈ విషయంలో నాతో వాదించకండి. యాత్ర వారం రోజులుందనగానే నాకు అన్నం సహించదు, అందరూ కొండ మీదికి చేరాక గాని మింగుడు పడదు.

సన్నిధిలో కొత్తవారిని రెండు సంగతులు తికమక పెడతాయి. మొదటిది, ఊట, దాని చుట్టూ పాత రాతి గట్టు, నైవేద్యం పెట్టే రాయి, ఇవన్నీ అమ్మ వీపు వెనక ఉంటాయి. అమ్మ మాత్రం బీల వైపు తిరిగి ఉంటుంది. రెండవది, ఇక్కడ పూజారి మీ గోత్రం అడగడు, మీ పేరూ అడగడు. మీ వెనక నడిచి వచ్చినవారి పేరు అడుగుతాడు. ఆ పేరు మీదే అర్చన. చెప్పలేకపోతే మళ్లీ వెనక్కి వెళ్లి తెలుసుకుని రావలసిందే. ఇదేం పట్టింపు అని విసుక్కునేవారు ఈ కథ చదవాలి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. కొండ మీద ఊట, ఊటను చూస్తూ నిలబడిన ఒక నల్లరాయి మాత్రం ఉండేవి. ఆ రాతిని ఊట తల్లి అని పిలిచేవారు. కింద సముద్రపు ఒడ్డున గుల్లపేటలో దాలమ్మ అనే ఆమె ఉండేది. ఆమె బీలలో తుంగ కోసి చాపలు నేసి బతికేది. ఏ వానకు ఏ దారి చెడుతుందో, ఎక్కడ నేల గట్టిగా ఉంటుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఈ పుస్తకం రాస్తున్న నేను ఆమె వంశంవాడినే. ఆమె పొరపాటును కప్పిపెట్టి రాయడం నాకు చేతకాదు.

ఒక కార్తిక మాసంలో పెద్ద గాలివాన వచ్చింది. సముద్రం ఊరి మీదికి వచ్చి వెళ్లింది. ఇళ్లు పోయాయి. అంతకన్నా పెద్ద కష్టం, బావులన్నీ ఉప్పయ్యాయి. రెండు రోజులు కొబ్బరి బొండాలతో గడిపారు. మూడో రోజుకు అవీ లేవు. మిగిలిన ముప్పై ఏడుగురు దాలమ్మ చుట్టూ చేరి, కొండ మీది ఊట దగ్గరకు తీసుకుపొమ్మని బతిమాలుకున్నారు. పున్నమి రోజులు. మధ్యాహ్నం దాటితే పోటు బీలలోకి వస్తుంది. ఆ లోపల దాటించగలనా లేదా అన్న దిగులుతోనే దాలమ్మ సరే అన్నది.

ఆమె మనిషికొకటి చొప్పున ముప్పై ఏడు వెదురు కర్రలు నరికి ఇచ్చింది. తుంగ కోసేటప్పుడు మోపుకొక పుల్ల చొప్పున నేలలో గుచ్చి, సాయంత్రం పుల్లలు లెక్కపెట్టుకోవడం ఆమె పనిలో అలవాటు. మోపులు మోసేవాళ్లు అటూ ఇటూ తిరిగినా పుల్లలు కదలవు గదా. అదే ఉపాయం ఇక్కడా చేసింది. అవతలి గట్టు ఎక్కగానే ఎవరి కర్ర వారు వరుసగా పాతాలి, నేను లెక్క చూసుకుంటాను అని చెప్పి ముందు నడిచింది.

ఆ గుంపులో ఒక కొత్త మనిషి ఉన్నాడు. గాలివానకు అయిదు రోజుల ముందు ఉప్పు మడుల్లో పనికని ఎక్కడి నుంచో వచ్చాడు. మాట తక్కువ. ఊరివాళ్లు అతనికి గంజి పోశారు, పడుకోవడానికి చూరు కింద చోటిచ్చారు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు. పని అయిపోగానే పోయేవాడే గదా అనుకున్నారు. అతను వరుసలో అందరికన్నా చివర నడిచాడు. అతనికి ముందు జోగమ్మ అనే నిండు గర్భిణి నడుస్తోంది. ఆమె మొగుడు ముసలి తండ్రిని వీపున మోస్తూ ఎక్కడో ముందున్నాడు.

బీల సగం దాటేసరికి ఉప్పుటేరు వైపు నుంచి నీరు పాకడం మొదలైంది. వెనక్కి తిరిగి చూస్తే ఆలస్యమవుతుందని దాలమ్మ, రండి రండి అని అరుస్తూ అడుగు పెంచింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఆ తొందరలో జోగమ్మకు కాళ్లు తేలిపోతుంటే, కొత్త మనిషి తన కర్ర కూడా ఆమె చేతిలో పెట్టాడు. రెండు కర్రల మీద ఆనుకుని ఆమె ఎలాగో గట్టెక్కింది. అతను వెనకే వస్తున్నాడనుకుని తన కర్ర పక్కన అతని కర్ర కూడా పాతింది.

దాలమ్మ కర్రలు లెక్కపెట్టింది. ముప్పై ఏడు. మరోసారి లెక్కపెట్టింది. ముప్పై ఏడే. హమ్మయ్య అనుకుని అందరినీ కొండ ఎక్కించింది. ఊట దగ్గర అందరూ దోసిళ్లతో నీళ్లు తాగుతుండగా జోగమ్మ తాగకుండా నిలబడింది.

“అప్పా, ఆ ఉప్పు పనాయన ఏడీ? ఆయన కర్ర నా కాడే ఉండిపోనాది,” అన్నది.

దాలమ్మ చేతిలోని నీళ్లు నేల పాలయ్యాయి. ఆమె కిందికి పరుగెత్తింది. అయిదారుగురు ఆమె వెంట దిగారు. అప్పటికి పోటు నిండుగా వచ్చి ఉంది. తుంగ కొసలు మాత్రమే నీటి పైన కనిపిస్తున్నాయి. పిలుద్దామని నోరు తెరిచిన దాలమ్మ వెంటవచ్చినవారి వైపు తిరిగింది.

“ఆయన పేరేటి?”

ఎవరికీ తెలియదు. ఓయ్ అని పిలిచారు, అయ్యా అని పిలిచారు, బావూ అని పిలిచారు. బీలలో గాలికి తుంగ చేసే చప్పుడు కూడా ఓయ్ అన్నట్టే ఉంటుంది. తనను పిలుస్తున్నారని అతనికి ఎలా తెలుస్తుంది? తన పేరు వినిపించి ఉంటే ఆ దిక్కుకు వచ్చేవాడేమో. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. దాలమ్మ నడుము లోతు నీళ్లలో దిగి, పొద్దు గుంకే దాకా వెతికింది. పోటు తీశాక మళ్లీ వెతికారు. మనిషి దొరకలేదు, అతని గుడ్డ ముక్కయినా దొరకలేదు.

దాలమ్మ కొండ మీదికి వచ్చింది గానీ నీరు ముట్టలేదు. ఊటకు వీపు పెట్టి, బీల వైపు చూస్తూ ఒక రాతి మీద కూర్చుంది. రెప్ప వాలిస్తే ఆ క్షణంలోనే అతను గట్టెక్కి, దారి తెలియక మళ్లీ నీళ్లలోకి పోతాడేమోనని ఆమె భయం. జోగమ్మ వచ్చి ఏడ్చింది, ఊరివారు కాళ్లు పట్టుకున్నారు. ఆమె కదలలేదు. మూడు రోజులు అలా గడిచాయి. ఇక ఈమె కూడా దక్కదని అందరూ ఆశ వదులుకున్నారు.

నాలుగో రోజు తెల్లవారుతుండగా ఆమెకు కూర్చున్నచోటే కునుకు పట్టింది. కలలో ఊట తల్లి ముసలమ్మ రూపంలో వచ్చి పక్కన కూర్చుంది.

“లేచి నీళ్లు తాగవే. నువ్వు పోతే వీళ్లని మళ్లీ బీల దాటించేదెవరు? ఎనక్కి చూసే పని నాకిచ్చెయ్,” అన్నది.

“ఆయన వొస్తే ఎలా పిలుస్తావు తల్లీ? పేరు తెలీదు గదా,” అన్నది దాలమ్మ.

ఆ పేరు అమ్మకూ తెలియదట. “ఇక మీదట నా ముందుకు వొచ్చినోళ్లని సొంత పేరు అడక్కండి. ఎనకున్నోళ్ల పేరడగండి,” అని చెప్పి లేచింది.

దాలమ్మ మేలుకునేసరికి తెల్లవారింది. ఊటను చూస్తూ ఉండే నల్లరాయి బీల వైపు తిరిగి ఉంది. ముప్పై ఆరుగురూ చూశారు. అప్పుడు జోగమ్మ దోసిట్లో నీళ్లు పట్టి తెస్తే దాలమ్మ తాగింది. ఆనాటి నుంచి ఊట తల్లికి వెనుచూపులమ్మ అని పేరు వచ్చింది.

నేటికీ యాత్రలో కర్రలు ఇస్తాం గానీ వాటిని లెక్కపెట్టం. ఇసుక మేటల దగ్గరే ప్రతివారూ వెనక్కి తిరిగి, మీ పేరేమిటని అడగాలి. బీలలో నడుస్తున్నంతసేపూ ఆ పేరు పెట్టి పిలుస్తూ, పలుకు విన్నాకే తరువాతి అడుగు వేయాలి. ఇంట్లో మనిషి దూరదేశం వెళ్లి కబురు లేనివారు, చేపల వేటకు పోయిన పడవ కోసం ఎదురుచూసేవారు ఇక్కడ ముడుపు కట్టి, ఆ దిగులు అమ్మకు అప్పజెప్పి, ఆ పూట కడుపునిండా తిని పడుకుంటారు. వెళ్లినవారు క్షేమంగా తిరిగి వస్తారని నమ్మకం.

వరుసలో అందరికన్నా చివర వచ్చినవారికి వెనక ఎవరూ ఉండరు గదా, వారేం చెబుతారని చాలామంది అడుగుతారు. వారిని పూజారి బీల వైపు తిరగమంటాడు. “ఇంకా రావలసినాయన” అని వారు చెప్పాలి. ఆ మాట మీద అర్చన చేసి, ఒక ఆకులో ప్రసాదం, పక్కన ఒక వెదురు కర్ర పెట్టి, ఆ తరువాతే మిగిలినవారికి వడ్డిస్తాం. ఇన్ని తరాలుగా ఆయనను అలాగే పిలుస్తున్నాం. అది పేరు కాదని మాకు తెలుసు.

కనుక భక్తులకు ఒక మనవి. పూర్వం ఎప్పుడో ఉప్పు పనికని సముద్రం వైపు వెళ్లి తిరిగి రాని మనిషి గురించి మీ ఇంటి పెద్దవారి నోట ఎప్పుడైనా విని ఉంటే, ఆయన పేరేమిటో అడిగి మాకు ఒక కార్డు ముక్క రాయండి. అమ్మకు చెప్పాలి.