కొంగున మూడు ముళ్లు

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వేట, రెండోవాడికి పాచికలు. చిన్నవాడు సుధన్వుడు ఊరివీధుల్లో తిరిగేవాడు. రాజుగారి మంత్రి జంభలుడు, పెద్ద మంత్రగాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. దండోరా వేసి కోట ఏ మాట చెప్పినా ఆడవాళ్లు కొంగున ఒక ముడి వేస్తారు. మాట నిజమైతే విప్పుతారు.

ఒక ఏడు మంత్రి వందమందిని ఓడెక్కించి, ఏడు సముద్రాల అవతలికి రత్నాల కోసం పంపాడు. వాళ్లు తిరిగి రాలేదు. మల్లెలు పూసేసరికి వస్తారని దండోరా వేయించాడు. ముడి వేశారు. తాటిపళ్లు రాలేసరికి అన్నాడు. ముడి వేశారు. వరి కోసేసరికి అన్నాడు. మళ్లీ వేశారు.

ఓబులమ్మ కొడుకు మల్లన్న ఆ ఓడలోనే వెళ్లాడు. ఆమె రోజూ వాడి కంచంలో అన్నం వడ్డించేది. చల్లారాక తనే తినేది.

సుధన్వుడు అది చూశాడు.

"అమ్మా, నీ కొడుకుని తీసుకొస్తాను."

"ఆ మాట వద్దు నాయనా. నా కొంగులో ఇంక చోటు లేదు. ఉన్నది ఉన్నట్టు తెలుసుకుని రా, చాలు."

ఆమె కూతురు నీలవేణి గుమ్మంలోంచి అడిగింది. "రాజుగారబ్బాయికి ఈత వచ్చా?"

"రాదు."

"నిజం చెప్పాడమ్మా. పంపించు."

రేవులో వలలో చిక్కిన తాబేలును సుధన్వుడు విడిపించాడు. అది వీపున ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది. రెండు దాటింది. మూడో సముద్రం నడుమ ఆగింది. ఓడ ఇక్కడే మునిగిందని, ఒక్కరూ మిగల్లేదని చెప్పింది.

మంత్రికి ఇది తెలుసా అని సుధన్వుడు అడిగాడు. ఏడో సముద్రంలో ఒక చిలక ఉంది, దానికి తెలుసంది తాబేలు. అక్కడికి తీసుకెళ్లింది.

ఏడో సముద్రంలో దీవి. దీవిలో తాటిచెట్టు. తొర్రలో చిలక. ఒంటిమీద మూడే ఈకలు.

"మంత్రి ప్రాణం నాలోనే ఉంది. ఓడ మునిగిన రోజే అతను అంజనం వేసి చూశాడు. జనానికి అబద్ధం చెప్పినప్పుడల్లా నాకొక ఈక రాలుతుంది. ఈ మూడూ రాలితే ఇద్దరం పోతాం" అంది చిలక.

సుధన్వుడు చిలకను తెచ్చి కొలువులో జనం ముందు నిలిపాడు. ఓడ ఎక్కడని మంత్రిని అడిగారు. దారిలో ఉందన్నాడు. ఒక ఈక రాలింది. గాలి లేక ఆలస్యమన్నాడు. ఇంకొకటి రాలింది. మూడోసారి నోరు తెరిచి, చిలకను చూసి మూసుకున్నాడు. చిలక మెడ విరిచెయ్యమన్నారు అన్నలు.

"నీ ప్రాణం నాకొద్దు. మంత్రి పదవి ఇక నీది కాదు. ఇంటింటికీ వెళ్లి నీ నోటితో చెప్పు" అన్నాడు సుధన్వుడు.

జంభలుడు వంద గుమ్మాలెక్కాడు. చివరిది ఓబులమ్మది.

"ఓడ మునిగిందమ్మా. నాకు మొదటిరోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"తెలిస్తే నన్ను దింపేస్తారని."

ముళ్లు బిగుసుకుపోయాయి. తల్లీకూతుళ్లు కూర్చుని ఒక్కొక్కటే విప్పారు. మల్లన్న కంచం కడిగి బోర్లించారు.

ముసలిరాజు చిన్నవాడికే పట్టం కట్టాడు. మాట ఇచ్చినవాడే తన చేత్తో దండోరా వెయ్యాలన్నది కొత్తరాజు మొదటి ఆజ్ఞ. నీలవేణిని పెళ్లాడాడు. మెడలో మూడు ముళ్లు వేస్తుంటే ఓబులమ్మ అల్లుడి చేతులవైపే చూస్తూ ఉండిపోయింది.

వాళ్లు చాలాకాలం చల్లగా ఏలారు. ఓబులమ్మ మాత్రం ఏటా మల్లెలు పూసే వేళకి రేవుకు వెళ్లి వచ్చేది. తెలిసే వెళ్లేది.