వేరు పొయ్యి

ఏకామ్ర ఒజ్జలు సాయంత్రం పూట శిష్యులతో నడుస్తూ మాట్లాడేవారు. ఆ వేళ వెంట వచ్చినవాడు నీలకేతు. అతనిది కుందనాడు. దిగువనున్న పెద్ద రాజ్యానికి కప్పం కట్టే చిన్న కొండసీమ. తమ ఏలుబడి తమకే కావాలని అక్కడి పెద్దలు రాజుకు విన్నవించుకున్నారనీ, వారిలో తన తండ్రి కూడా ఉన్నాడనీ ఉదయమే కబురు వచ్చింది.

ఏటి గట్టు చేరాక గానీ అతను అడగలేకపోయాడు. "అయ్యవారూ, మేము తినే ఉప్పు వాళ్ళది, కట్టే గుడ్డ వాళ్ళది. మా తేనె, కరక్కాయలు కొనేదీ వాళ్ళే. నా చదువు కూడా ఆ రాజుగారి దయే. రేపు కనుమదారి మూసేస్తే మా వాళ్ళ గతేమిటి? ఇన్నాళ్ళు సాకిన చేతిని కాదనడం కృతఘ్నత కాదా?"

ఒజ్జలు ఊళ్ళోకి దారి తీశారు. "పద, కొమ్మక్క మనల్ని భోజనానికి పిలిచింది" అన్నారు.

కొమ్మక్క చాపలల్లే మనిషి. మొగుడు పోయాక అన్న దామయ్య పంచన చేరింది. దామయ్య కలిగినవాడు, చెల్లెలంటే ప్రాణం. ఆమెకు ఏ లోటూ రానివ్వలేదు. ఆమె ఏ చీర కట్టాలో, ఎవరితో మాట్లాడాలో కూడా తానే చూసుకునేవాడు. వేరుంటానని ఆమె అన్ననాడు అతని మనసు విరిగిపోయింది. "నా గడప దాటితే నీ చాపలు నా బండి ఎక్కవు" అన్నాడు. ఆమె దాటింది. చాపలు నెత్తిన పెట్టుకుని సంతకు నడిచింది. కొన్ని పూటలు పస్తులుంది. ఇదంతా ఊరు ఎరిగిన సంగతే.

వాళ్ళు వెళ్ళేసరికి ఆమె కొత్త పాక గోడలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దామయ్యనూ పిలిచినట్టుంది, లోపలికి రాలేక వాకిట్లోనే నిలబడ్డాడు.

"రా అన్నయ్యా, కాళ్ళు కడుక్కో." కొమ్మక్క చెంబు అందించింది.

విస్తట్లో సంకటి, చింతచిగురు పచ్చడి. అది చూసి దామయ్య చెల్లెలి వైపు తిరిగాడు. "ఇదా నువ్వు తినేది? ఇంటికి వచ్చెయ్యవే తల్లీ."

"వస్తాను. నువ్వు పిలిచినప్పుడల్లా వస్తాను. ముందు తిను. నీ ఇంట్లో ఎన్నిసార్లు వడ్డించినా అది నీ కూడే అన్నయ్యా. ఇది నాది."

దామయ్య తల వంచుకున్నాడు. కన్నీళ్ళు తుడుచుకోకుండానే తిన్నాడు. అంతా తిని, "ఇంకాస్త ఉందా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. కుండ అడుగంటా గీకి పెట్టింది.

వెళ్ళేటప్పుడు అతను ఎటో చూస్తూ, "ఎల్లుండి బండి సంతకు పోతోంది" అన్నాడు.

"బాడుగ పుచ్చుకుంటేనే."

"పుచ్చుకుంటాలేవే!" అని నవ్వేశాడు.

తిరుగుదారిలో నీలకేతు ఉండబట్టలేక అన్నాడు: "ఆవిడకి ఈ పూటకు ఏమీ మిగల్లేదండీ."

"మిగల్లేదు" అన్నారు ఒజ్జలు. కొంతదూరం నడిచాక అతని భుజం మీద చెయ్యి వేశారు.

"పాపం దామయ్య! చెల్లెలు తనదిగా కట్టుకున్న ఇంటికి చుట్టమై వెళ్ళడం అతనికి ఇదే మొదలు."