ఒక పరాయి మాటకు అర్థం చెప్పిన మంగతాయి

అనగనగా, కడలి అలలు కాళ్ళు కడిగే చోట పొన్నరేవు అనే పట్నం ఉండేది. దానిని కేతభూపాలుడు ఏలేవాడు. మంచివాడే. కాని మంత్రి చెప్పిందే వినేవాడు, మంత్రి చూపిందే చూసేవాడు.

ఆ పట్నంలో మంగతాయి అనే దుబాసీ ఉండేది. పరాయి దేశాలవారి మాటను తెలుగులోకి, తెలుగు మాటను వారి భాషలోకి మార్చి చెప్పడం ఆమె కొలువు. ఆమె తండ్రి పడవలు కట్టే వడ్రంగి. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక ఇంగ్లీషు నావికుడికి ఆయన ఏడాదిపాటు అన్నం పెట్టాడు. ఆ ఏడాదిలో మంగతాయి ఇంగ్లీషు నేర్చేసుకుంది.

ఒకనాడు రేవుకు ఇంగ్లీషు ఓడ వచ్చింది. ఓడ నాయకుడు తమ దేశపు వర్తకులు రాసిన లేఖ ఒకటి తెచ్చాడు. మంత్రి విరూపాక్షుడు మంగతాయిని ముందుగా తన ఇంటికి పిలిపించి, ఆ లేఖ చదివించుకున్నాడు.

"మీ ఏరు కడలిలో కలిసే మొగ దగ్గర మేము గిడ్డంగి కట్టుకుంటాము. మీ రాజూ, మీ సిటిజన్లూ సరేనంటేనే కడతాము" అని ఉంది అందులో.

మంత్రి ముఖం మాడిపోయింది. ఆ చోటు ఇప్పిస్తానని అతడు ఓడ నాయకుడికి అప్పటికే మాట ఇచ్చి, బహుమతులు పుచ్చుకున్నాడు. ఊరందరినీ అడిగితే ఆ పని సాగదని అతడి భయం.

"మంగతాయీ, సిటిజన్లు అంటే సభలోని పెద్దలు అని చెప్పు. ఇదిగో, పట్టుచీర" అన్నాడు.

"ఆ మాటకు ఆ అర్థం లేదండీ" అని ఆమె చీరను పక్కకు జరిపింది.

"నీ కొలువు పోతుంది!"

"పోతే పడవలకు మేకులు కొట్టుకు బతుకుతాను. మా నాన్న నాకు ఆ పనీ నేర్పాడు."

మర్నాడు నిండుసభలో ఆమె లేఖను ఉన్నది ఉన్నట్టు చదివింది.

"సిటిజన్ అంటే ఎవరు? ఊళ్ళో కాపురం ఉండేవాడా?" అని రాజు అడిగాడు.

"కాదు ప్రభూ. ఊళ్ళో కాకులూ కాపురం ఉంటాయి."

"సుంకం కట్టేవాడా?"

"సుంకం దారిన పోయే వర్తకుడూ కడతాడు ప్రభూ."

"మరెవరు?"

మంత్రి మంగతాయినే గుడ్లురిమి చూస్తున్నాడు. అయినా ఆమె ఆగలేదు. "ఊరి మంచిచెడ్డల్లో మాట చెప్పే హక్కు ఉన్నవాడు, ఆ ఊరి బరువు మోసే బాధ్యతా ఉన్నవాడు ప్రభూ. మన భాషలో ఆ మాట ఉంది. పురానికి చెందినవాడు పౌరుడు. వాడుక లేక మరిచిపోయాము."

మంత్రి పకపకా నవ్వాడు. "చేపలు పట్టేవారికీ కుండలు చేసేవారికీ ఊరి మంచిచెడ్డలు ఏం తెలుసు ప్రభూ?"

"అడిగి చూద్దాం" అన్నాడు రాజు. తన బుద్ధితో తాను ఒక మాట అనడం ఆయనకు అదే మొదలు.

ముందు ఒక పెద్ద వర్తకుణ్ణి పిలిచారు. "ప్రభువు చిత్తం" అని వంగి నమస్కరించాడు. తరువాత ఒక ఆస్థాన పండితుణ్ణి అడిగారు. "తమరు ఏది అంటే అదే ధర్మం" అన్నాడు. మూడో మనిషిగా, మొగ దగ్గర చేపలు ఎండబెట్టుకునే ఎర్రక్క వచ్చింది. ముసలిది. చేతులకింకా ఉప్పు అంటుకునే ఉంది.

"బాబూ, ఆ చోట కట్టవద్దు" అంది సూటిగా. "వానాకాలం ఏరు పొంగితే నీళ్ళు మొగలోంచే కడలిలోకి పోవాలి. అక్కడ గోడ లేచిందా, నీళ్ళు వెనక్కి తన్ని ఊరిమీద పడతాయి. మా గుడిసెలే కాదు, మీ ధాన్యపు కొట్లూ మునుగుతాయి."

రాజు ఉలిక్కిపడ్డాడు. "ఈ సంగతి ఇంతకాలం ఎవరూ చెప్పలేదేమవ్వా?"

"ఎవరూ అడగలేదు బాబూ."

ఎర్రక్కే మళ్ళీ అందుకుంది. "వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపొద్దు. వ్యాపారం ఊరికి మంచిదేగా. ఉత్తరాన ఎత్తుదిబ్బ ఉంది. మేము చేపలు ఎండేసుకునేది అక్కడ కూడా. అందులో సగం వదులుకుంటాం. అక్కడ కట్టుకోమనండి."

కేతభూపాలుడు సింహాసనం దిగి వచ్చి ఆమెకు చేతులు జోడించాడు. "చోటు అడిగినవారిని చూశాను. ఊరి కోసం తన చోటు ఇచ్చినవారిని ఇవాళే చూస్తున్నాను" అన్నాడు.

మంగతాయి ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పింది. ఓడ నాయకుడు టోపీ తీసి ఎర్రక్కకు తల వంచాడు. గిడ్డంగి దిబ్బమీదే లేచింది. పట్టుచీర ఆశ చూపి అర్థం మార్చమన్న సంగతి మంగతాయి చెప్పగానే మంత్రికి పదవి పోయింది.

ఆ శ్రావణంలో ఏరు ఎన్నడూ లేనంతగా పొంగింది. ఎర్రనీళ్ళు హోరుమంటూ మొగలోంచి కడలిలో కలిసిపోయాయి. పొన్నరేవులో ఒక్క గడపా తడవలేదు. అది మొదలు ప్రతి పున్నమినాడూ రాజు సభ తలుపులు బార్లా తెరిపించేవాడు. జాలరీ, కుమ్మరీ, చాకలీ వచ్చి కూర్చుని ఊరి సంగతులు చెప్పేవారు. రాజు వినేవాడు.

నీతి: జంకక నిజం చెప్పేవారూ, అడిగి వినే ఏలికా ఉన్న ఊరికి ఏ వరదా హాని చేయలేదు.