‘వెళ్ళొస్తా’ అన్న కొంగపిల్ల

ఒకప్పుడు ఎర్రకాళ్ళ కొంగలు ఏ ఊరికైనా ఒక్కసారే వచ్చేవి. మళ్ళీ ఆ ఛాయలకు వచ్చేవి కావు.

ఆ రోజుల్లో నోటిమాటకు బలమెక్కువ. ఏది అంటే అదే జరిగేది. కొంగలేమో ఎగిరేముందు "పోతున్నాం!" అని అరిచేవి. అంతే, పోయేవి. వచ్చిన దారి మొత్తం మరిచిపోయేవి.

ఒక ఏడు వానాకాలంలో అవి సముద్రం దగ్గరి ఊళ్ళో దిగాయి. చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేశాయి.

గాలివాన వచ్చిన రోజున ఒక కొంగపిల్ల గూట్లోంచి జారి నూకమ్మ వాకిట్లో పడింది. నూకమ్మ చేపలమ్ముకునే మనిషి. పిల్లల్లేరు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దెబ్బ తగిలిన రెక్కకు పసుపు రాసింది. "తిను తల్లీ" అంటూ చిన్నచేపలు పెట్టింది. తల్లికొంగ రోజూ వాకిట్లో దిగి బిడ్డను చూసుకునేది.

రెక్క కుదిరింది. ఈలోగా ఎండలు ముదిరి చెరువులు ఇంకిపోయాయి. కొంగలన్నీ ప్రయాణం కట్టాయి.

కొంగపిల్ల నూకమ్మ ముందుకొచ్చి, "అమ్మా, పో..." అనబోయింది.

నూకమ్మ చటుక్కున దాని ముక్కు పట్టేసుకుంది!

"వదులు! నీళ్ళు లేవు. ఇక్కడే ఉంటే నా బిడ్డ ఆకలితో చస్తుంది" అని తల్లికొంగ గోలపెట్టింది.

"వెళ్ళొద్దన్నానా అక్కా? పోతానని అనొద్దంటున్నా. చచ్చినవాళ్ళను కదా పోయారంటాం! ఇంకేదైనా అనమను. వెళ్ళి... వస్తా... ఆఁ, వెళ్ళొస్తా అనమను!" అంది నూకమ్మ ఏడుస్తూ.

అంతవరకూ ఎవరూ అనని మాట అది. ఆ ఏడుపు మధ్యలో నూకమ్మ నోట అప్పుడే పుట్టింది.

కొంగపిల్లకు నోరు తిరగలేదు. "వె... వెల్లుల్లి!" అంది.

"వెల్లుల్లి కాదే పిచ్చిపిల్లా!" నూకమ్మ కళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వింది.

కొంగలన్నీ ముక్కులు టకటకలాడిస్తూ ఆ మాట నేర్చుకున్నాయి. చివరికి కొంగపిల్ల "వెళ్ళొస్తా!" అని గాల్లోకి లేచింది.

మళ్ళీ వానలు పడ్డాయి. నాట్లు కూడా అయిపోయాయి. కొంగల జాడ లేదు. నూకమ్మ మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశం కేసి చూసేది.

"కొంగ మాట నమ్మి కూర్చున్నావా?" అని మొగుడు లచ్చన్న నవ్వేవాడు.

ఒక పొద్దున లచ్చన్న వల భుజాన వేసుకుని వేటకు బయల్దేరాడు. ఇంటి కప్పు మీద టకటకా చప్పుడైంది.

"అమ్మా, వచ్చా!"

నూకమ్మ బయటికి ఉరికింది. చింతచెట్లన్నీ తెల్లగా కొంగలతో నిండిపోయాయి. కొంగపిల్ల ఎంత ఎదిగిందో! ఆమె భుజం మీద తల ఆనించింది.

లచ్చన్న వీధిలోకి వెళ్ళినవాడల్లా వెనక్కి తిరిగి, కాస్త సిగ్గుపడుతూ, "నూకా, వెళ్ళొస్తానే" అన్నాడు.

"వెళ్ళిరా మావా!" అంది నూకమ్మ.

అప్పటినుంచే ఎర్రకాళ్ళ కొంగలు ఏటేటా దారి తప్పకుండా ఆ చెట్లకే వస్తున్నాయి. మనమూ గడప దాటేటప్పుడు ‘పోతా’ అనకుండా ‘వెళ్ళొస్తా’ అంటున్నాం.